కుడి బుగ్గ మీద లేని మచ్చ

మా హాస్టల్లో రెండు వందల మంది ఆడపిల్లలకు ఒకే రోజు క్రాపు కొట్టించారు. ఆ ఏడు బోరు అడుగంటింది. ట్యాంకరు రోజు మార్చి రోజు వచ్చేది, వచ్చిన నీళ్ళు తాగడానికీ వంటకూ బొటాబొటిగా సరిపోయేవి. ఇక తలంట్లకు ఎక్కడ తెస్తామని ప్రిన్సిపాల్ మేడమ్ ఉరవకొండ నుంచి ముగ్గురు మంగళ్ళను పిలిపించింది. పొద్దున టిఫిను కాగానే మొదలుపెట్టారు, పొద్దు గుంకేలోగా అందరి జడలూ గోనెసంచుల్లోకి పోయాయి. నా జడ నడుము దాకా ఉండేది. ఏడ్చాను, ఏడుస్తున్నవాళ్ళను వెక్కిరించాను కూడా.

ఆ తర్వాత వచ్చిన రెండో ఆదివారం మా అమ్మానాయనలు చూడటానికి వచ్చే రోజు. గేటు తీయగానే ఆడవాళ్ళంతా లోపలికి వచ్చి ఆగిపోయారు. ఒకే గళ్ళ గౌను, ఒకే క్రాపు, ఒకే రకంగా ఎండకు నల్లబడిన మొహాలు. మా అమ్మ నా ముందు నుంచే వెళ్ళిపోయి నా తర్వాత నాలుగో పిల్ల భుజం పట్టుకుంది. నేను వెనక నుంచి "మా, ఈడుండా" అన్నాను. అమ్మ తిరిగి చూసి, ఆ పిల్ల భుజం వదలకుండానే కాసేపు నన్ను పరీక్షగా చూసింది. నాకు నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది. కన్నతల్లికే కాసేపు నేను ఎవరో తెలియలేదు.

అప్పుడు నేను తొమ్మిదో తరగతి. తొంభైల చివరి మాట. ఇందులో నేను ఎవరి పేరూ రాయను. ఎందుకు రాయనో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

ఆ నెలలోనే మా సైన్సు సారు పేపరు చేతిలో పట్టుకుని క్లాసులోకి వచ్చాడు. ఎక్కడో చలిదేశంలో ఒక గొర్రె పొదుగులోంచి ఒక్క కణం తీసి, దాన్నుంచి అచ్చం అదే గొర్రెను పుట్టించారట. తండ్రి లేడు. ఆ గొర్రే ఈ గొర్రె, ఈ గొర్రే ఆ గొర్రె. మా క్లాసులో సగం మంది ఇళ్ళల్లో గొర్రెలున్నాయి. ఒకమ్మాయి వాళ్ళ నాయన ఏడాదికి ఎనిమిది నెలలు మందతో బయటే ఉంటాడు. ఆ అమ్మాయి లేచి నిలబడింది.

"సార్, మందలో రెండు నూర్ల పిల్లలు ఒగటే తీరుగుంటాయి. తల్లి మూతి పెట్టి వాసన చూస్తాది. తనది కాకుంటే తంతాది. ఈ కొత్తదాన్ని ఆ తల్లి తంతాదా, పాలిస్తాదా?"

సారు పేపరు మళ్ళీ చూశాడు. అందులో ఆ సంగతి లేదు. "తెలీదు పాపా" అన్నాడు. ఒక అయ్యవారు తెలీదని ఒప్పుకోవడం నేను అదే మొదటిసారి వినడం. ఆ మాటే నన్ను పట్టుకుంది.

ఆ మధ్యాహ్నమే రెండు వందల పేజీల లాంగు నోటుబుక్కు తీసి నవల మొదలుపెట్టాను. ఒక ఎత్తైన బీడు మీద ఒక బడి. చుట్టూ గాజు గోడ. లోపల నూరు మంది ఆడపిల్లలు, అందరికీ నంబర్లే, పేర్లు లేవు. ఒక్కొక్కరూ ఎక్కడో చనిపోయిన ఒక పిల్లకు నకలు. బిడ్డను పోగొట్టుకున్నవాళ్ళు ఏడ్చి ఏడ్చి ఒక డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆయన పోయిన బిడ్డ వెంట్రుక ఒకటి తీసుకుని మళ్ళీ ఆ బిడ్డనే పెంచుతాడు. కాని పెరిగిన పిల్లను వెంటనే ఇంటికి పంపడు. పోయిన పిల్ల ఎట్లా నవ్వేదో, ఏ కూర ఇష్టమో, నిద్రలో ఏ పక్కకు తిరిగేదో అన్నీ నేర్చుకుని పరీక్ష రాయాలి. పాసైతేనే ఇల్లు. నా కథానాయిక నలభై మూడో నంబరు పిల్ల ప్రతిసారీ ఫెయిలయ్యేది. పోయిన పిల్లకు కుక్కలంటే భయం, దీనికేమో కుక్క కనిపిస్తే చాలు ఒళ్ళోకి ఎత్తుకోవాలి.

వారానికొక అధ్యాయం. శనివారం మధ్యాహ్నం భోజనాల హాలు మెట్ల మీద ఎవరో ఒకరు గట్టిగా చదివేవాళ్ళు. మొదట పది మంది. తర్వాత మెట్లు చాలక నేల మీద కూర్చున్నారు. వంటామె గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి వినేది. ఒకసారి చదువుతున్న పిల్లను ఆపి "వాళ్ళకు అన్నమన్నా పెడతాండారా, వట్టి పరీక్షలేనా?" అని అడిగింది. మర్నాడు నేను నలభై మూడో నంబరుకు రాగిముద్ద, పప్పు, ఊరిమిండి పచ్చడి పెట్టించాను. వంటామెకు తృప్తిగా ఉందని కబురొచ్చింది.

నాకు గర్వంగా ఉండేది, కాదనను. దానికంటే ఎక్కువగా ఆశ్చర్యంగా ఉండేది. అంతవరకు కథలంటే ఎక్కడో అచ్చయి వచ్చేవి. నా సిరాతో, నా చేత్తో రాసిన అబద్ధాన్ని ఇంతమంది నమ్మి, వారమంతా దాన్నే మాట్లాడుకోవడం చూస్తుంటే నాకు కొంచెం భయం కూడా వేసేది. కాగితం మీద నేను తలుపు అని రాస్తే నిజంగానే ఏదో తెరుచుకుంటోందని అనిపించేది. పధ్నాలుగేళ్ళకు అది మోయలేని సంగతి.

నా ట్రంకుపెట్టె పక్కనే ఇంకో అమ్మాయి పెట్టె ఉండేది. కణేకల్లు దిక్కు పల్లె. మా అందరికంటే జానెడు పొట్టి, మాట తక్కువ, మొండితనం ఎక్కువ. లెక్కల్లో నూటికి నూరు. నేను లెక్కల్లో ఎప్పుడూ ఆమె పుణ్యాన గట్టెక్కేదాన్ని. ఆమెకు నవలలన్నా కథలన్నా పట్టదు, అందుకని శనివారాలు మెట్ల దగ్గరికి వచ్చేది కాదు. అట్లాంటిది ఒక మధ్యాహ్నం బట్టలుతికే బండ దగ్గర నా ఎదురుగా వచ్చి కూర్చుంది, చేతిలో నా నోటుబుక్కు.

"ఇది నీకెవురు చెప్పిరి?"

"ఎవురు చెప్తారు? నేనే అల్లినా."

"అబద్దాలు చెప్పద్దు. మా ఇంటి సంగతి నీకెట్ల తెలిసె?"

నాకేమీ అర్థం కాలేదు. ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసి, నాకు నిజంగానే తెలియదని రూఢి చేసుకున్నాక చెప్పింది. ఆమెకు రెండేళ్ళు పెద్దదైన అక్క ఉండేదట. ఒకటో తరగతిలో చేరిన మూడో నెలలో జ్వరం వచ్చి చనిపోయింది. వాళ్ళ నాయన బడిలో ఆ సంగతి చెప్పలేదు. అయ్యవారికి రిజిస్టరులో పేరుంటే చాలు, ఆయనా అడగలేదు. మరుసటేడు అదే పేరు మీద, అదే పలక ఇచ్చి, అప్పటికి నాలుగేళ్ళయినా సరిగా నిండని ఈమెను రెండో తరగతిలో కూర్చోబెట్టారు. పుట్టిన తేదీ అక్కది. పేరు అక్కది. ఇంట్లో, ఊళ్ళో, ఇప్పుడు మా హాజరుపట్టీలో పిలిచే పేరు కూడా అక్కదే.

"అట్లయితే నీ పేరేంది?" అన్నాను.

"అదే తెలీదు. చిన్నపాప అనేటోళ్ళంట. పేరు కూడా ఒకటి పెట్టినారంట. మా అవ్వ ఒగసారి కోపంలో అనింది, అది నీ పేరు కాదే, నీ అక్కదే అని. అట్లనే నాకు తెలిసింది. మళ్ళా అడిగేలోపల అవ్వ పోయె. అమ్మనడిగితే లేసి యాడికో పోతాది."

ఇంతా చెప్పి ఆమె గౌను కాలరుకు సబ్బు రుద్దడం మొదలుపెట్టింది. గాజు గోడ కట్టాను, డాక్టరును తెచ్చాను, ఎక్కడెక్కడివో యంత్రాలు పెట్టాను. ఆ నలభై మూడో నంబరు పిల్ల మూడేళ్ళుగా నా పక్క పెట్టెలోంచే నాకు కొబ్బరినూనె అప్పిస్తోంది. నేను అల్లాననుకున్న అబద్ధం ఒక ఇంట్లో ఎనిమిదేళ్ళుగా అన్నం తింటూ, బడికి పోతూ, నిజంగా బతుకుతోంది. ఆ రోజంతా నేను ఆమె వైపు చూడటానికి జంకాను.

జంకు వారం కూడా నిలవలేదు. వచ్చే శనివారానికి ఆమె చెప్పిందంతా నా నోటుబుక్కులోకి ఎక్కేసింది. నంబరు నలభై మూడే, బాధ మాత్రం ఆమెది. కథ రుచి మరిగిన చేతికి సిగ్గుండదు. అంతటితో ఆగితే బాగుండేది. అధ్యాయం చివర ఇంకో ముడి వేశాను. ఇంటికి పంపేముందు పిల్లల ఒంటి మీద పుట్టుమచ్చలు చూస్తారు. పోయిన పిల్లకు బుగ్గ మీద మచ్చ ఉంది, నలభై మూడో నంబరుకు లేదు. వార్డెను ఒక జీడిగింజకు పిన్ను గుచ్చి, ఆ రసంతో బుగ్గ మీద చుక్క పెడుతుంది.

జీడి మా హాస్టల్లో అందరికీ తెలుసు. బట్టలుతికే ఆమె నల్లజీడి గింజను పిన్నుతో పొడిచి, ఆ రసంతోనే మా గౌన్ల మీద నంబర్లు వేసేది. గౌను చిరిగినా నంబరు పోదు. ఒంటికి తగిలితే మాత్రం బొబ్బలెక్కి, పుండు పడి, మానినా మచ్చ ఉండిపోతుంది. ఆమె వేళ్ళ చివర్లన్నీ అట్లాగే ఉండేవి.

ఆ అధ్యాయాన్ని మెట్ల మీద చదివారు. ఈసారి నా పక్కపెట్టె అమ్మాయి కూడా వచ్చి చివర్లో కూర్చుంది. అందరూ వెళ్ళిపోయాక నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"మచ్చ పెట్టినాక ఆ పిల్లని వాళ్ళమ్మ గుర్తుపట్టిందా?"

"ఓ. ముద్దు కూడా పెట్టుకునింది" అన్నాను, ఇంకా రాయని అధ్యాయం గురించి.

"సరే" అని వెళ్ళిపోయింది. నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను. నా అంత బుద్ధిలేనిది మా జిల్లాలో ఇంకొకతె ఉండి ఉండదు.

పదో తరగతికి వచ్చాం. శనక్కాయ కోతల కాలంలో, పరీక్షకు మా పేర్లు పంపే పని మొదలైంది. ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, వాటి కింద ఒంటి మీది రెండు పుట్టుమచ్చలు ఆనవాళ్ళుగా రాయాలి. సర్టిఫికెట్టు మీద అవి చచ్చేదాకా ఉంటాయి. శుక్రవారం మా క్లాసు టీచరు, మాట కటువుగా ఉండే మనిషి, చెప్పేసింది. "సోమవారం నేనే చూసి రాస్తా. మచ్చలు వెతుక్కోని రాండి. నాకు చూపించలేని తావుల్లో ఉండేవి మాత్రం చెప్పద్దండి."

రెండు రోజులు హాస్టలంతా మచ్చల వేటే. మెడలు వంచి, చేతులు తిప్పి ఒకరినొకరు చూసుకోవడం. ఒకమ్మాయికి ఎంత వెతికినా ఒక్కటే దొరికి ఏడుపు ముఖం పెట్టింది. నా దస్తూరి బాగుంటుందని టీచరు పాత రిజిస్టరు ఇచ్చి, పేర్లూ తేదీలూ చిత్తుకాగితం మీద ఎత్తి రాయమంది. రాస్తూ పోతూ నా పక్కపెట్టె అమ్మాయి పేజీకి వచ్చాను. పల్లె బడి నుంచి వచ్చిన ఆనవాళ్ళు అందులో ఉన్నాయి. కుడి బుగ్గ మీద ఒక పుట్టుమచ్చ. ఎడమ ముంజేతి మీద ఒకటి. తలెత్తి చూశాను. ఆమె బుగ్గ మీద ఏమీ లేదు.

నెమ్మదిగా వెళ్ళి చెప్పాను. "ఈడ రాసిన మచ్చలు నీకు లేవే. మీ అక్కవేమో."

"సోమవారానికి ఉంటాయిలే" అంది.

ఆ మాట నాకు ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర తలకెక్కింది. ఆమె పళ్ళెం ముందు లేదు. చేయి కూడా కడుక్కోకుండా బట్టల బండ దగ్గరికి ఉరికాను. ఖాళీ నీళ్ళ తొట్టి చాటున కూర్చుని ఉంది. పగిలిన అద్దం ముక్క తొట్టికి ఆనించి పెట్టుకుంది. ఎడమ ముంజేయి అప్పటికే ఎర్రగా ఉబ్బి, నడుమ నల్లటి చుక్క. కుడిచేతిలో పిన్ను, దాని కొసన జీడిరసం, బుగ్గకు వేలెడు దూరంలో.

చేయి పట్టుకున్నాను. పొట్టిదే కాని బలం ఎక్కువ, గుంజుకుంది.

"ఇడువు. రేపు మచ్చ లేకుంటే నన్ను పంపిచ్చేస్తారు."

"బుగ్గంతా పుండయితాది. కంటికి తగిలితే కన్ను పోతాది. ఎవురు చెప్పిరి నీకు ఇట్ల చెయ్యమని?"

"నువ్వే కదా రాసినావు. మచ్చ పెడితే గుర్తుపడతారని."

"అది కథమ్మే."

"కథయితే నాది యాల రాసినావు?"

పిన్ను లాక్కుని, గోడ అవతలికి విసిరేసి, టీచరు గదికి పరుగెత్తాను. ఆమె నాకొక్కదానికే చెప్పిన రహస్యాన్ని మొదట రెండు వందల మందికి పంచాను, ఇప్పుడు టీచరుకు మొత్తం విప్పి చెప్పేశాను. ఈ రెండోసారికి మాత్రం నేను సిగ్గుపడను.

టీచరు ముందు ఆమె చేతికి కొబ్బరినూనె పట్టించింది, ఆ తర్వాత ఇద్దరినీ చెడామడా తిట్టింది, ఆ తర్వాత రిజిస్టరు తెప్పించింది. ఆ పల్లె బడి నుంచి మా స్కూలుకు వచ్చిన పిల్లల పేజీలు వెతికి ఒకటొకటిగా తీసి మాకు చూపించింది.

"చూడండి. మీ అయ్యవారు పంపిచ్చిన పిల్లలకంతా కుడి బుగ్గ, ఎడమ ముంజేయి. దీనికీ అదే, ఈమెకూ అదే, పోయినేడు పాసయి ఇంటికి పోయిన ఆ పొడుగు పిల్లకూ అదే. ఆయప్ప ఒక్క మొగం కూడా ఎత్తి చూల్లేదు. ఒగటి రాసుకొని అందరికీ అదే ఎక్కించినాడు. మీ యక్కకు కూడా ఆ మచ్చ ఉన్నిందో లేదో ఎవురికి తెలుసు?"

ఒక ఊరి పిల్లలంతా కాగితం మీద ఒకే మనిషి. ఈమె ఎవరికీ లేని మచ్చ కోసం చేయి కాల్చుకుంది, కాసేపైతే మొహం కాల్చుకునేది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

టీచరు ఆమెను వెలుతురులో నిలబెట్టి తనే వెతికింది. ఎడమ చెవి వెనక ఒకటి, కుడి మోకాలి పక్కన ఒకటి దొరికాయి. "ఇవి నీవే కదా? ఎవురి దగ్గరా తెచ్చుకోలేదు కదా?" అని, అక్కడికక్కడే రాసేసింది.

అంతటితో అయిపోయిందనుకున్నాం. సోమవారం అందరం వరసగా వెళ్ళి మా మా పేర్ల ఎదుట సంతకాలు చేశాం. ఆమె వంతు వచ్చింది. పెన్ను పట్టుకుని, మళ్ళీ బల్ల మీద పెట్టేసింది.

"మచ్చలు నావి. పేరు నాది కాదు. నేను చెయ్య."

టీచరు కోప్పడింది, తర్వాత బతిమాలింది. పేరు మార్చడం తన చేతిలో లేదంది. అసలు తేదీ చెప్పుకుంటే వయసు చాలదు, పరీక్షే రాయనివ్వరు. తన పేరు మీద ఒక్క కాగితమూ లేదు కాబట్టి ఇన్నేళ్ళ చదువూ లేనట్టే, పల్లెకు పోయి కలుపు తీసుకోవాలి. జాబితా పంపడానికి గురువారం దాకా గడువుంది. ఇవన్నీ ఆమె తల వంచుకుని వింది. "చెయ్య" అంది మళ్ళీ. నేను నా నవల నోటుబుక్కు తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. చింపుకుంటుందో పొయ్యిలో వేసుకుంటుందో ఆమె ఇష్టం. తీసుకోలేదు, చూడను కూడా చూడలేదు.

టీచరు వాళ్ళ ఊరి ఫోను బూత్‌కు కబురు పెట్టింది. బుధవారం మధ్యాహ్నం బస్సులో ఆమె తల్లి వచ్చింది. శనక్కాయ పెరుకుతూ పెరుకుతూ లేచి వచ్చినట్టుంది, గోళ్ళల్లో ఎర్రమట్టి అట్లాగే ఉంది. నాయన రాలేదు. టీచరు గదిలో ఆమెను కుర్చీలో కూర్చోమన్నా కూర్చోక నేల మీద కూర్చుంది. నన్ను బయటికి పొమ్మని ఎవరూ అనలేదు కాబట్టి నేను తలుపు దగ్గరే ఉన్నాను. తల్లి కూతురి ముంజేయి తీసుకుని, పుండు మీద గాలి ఊదింది.

కూతురు చేయి లాక్కుంది. "నన్ను యాల అక్కని చేసినారు మా?"

తల్లి లేచి వెళ్ళిపోతుందని నేను భయపడ్డాను. ఆమె వెళ్ళలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, టీచరు వైపు కాదు, నా వైపు కాదు, కూతురి వైపే చూస్తూ చెప్పింది.

"నేను చెయ్యల్యా. మీ నాయనా చెయ్యల్యా. అది పోయినాక నాకు మతి సరిగా లేకపాయ. పొద్దు గుంకే యాళకు వాకిట్లో నిలబడుకొని దాన్ని పేరు పెట్టి పిలుస్తాంటి, అన్నానికి రమ్మని. రోజూ పిలిచే అలవాటు కదా. మీ నాయన నా నోరు మూస్తాండె, ఊరోళ్ళు చూస్తాండిరి. నాకు ఏమీ తెలీకపాయ. ఒగదినం నేను పిలిస్తే, గొడ్లపాకలో నుంచి నువ్వు 'ఆ మా, వస్తాండా' అని ఉరికొస్తివి. అది ఎట్ల పలికేదో అట్లనే. మూడేండ్ల పిల్లవి. నిన్ను కొట్టినా. నువ్వు కాదు, పో అని కొట్టినా. మర్సనాడు పిలిస్తే మళ్ళా నువ్వే పలికితివి. మళ్ళా కొట్టినా. మూడోనాడు కొట్టనీకి చెయ్యి రాల్యా. నిన్ను ఎత్తుకొని అన్నం పెట్టినా. ఆ దినం నేనూ తిన్నా. అది పోయినాక నేను కడుపుకు తినింది ఆ దినమే."

టీచరు పెన్ను మూత తిప్పుతూ ఉంది.

"అప్పట్నుంచి నీ పేరు పెట్టి ఎవురు పిలిచినా నువ్వు పలికేదానివి కాదు" అంది తల్లి. "మీ అవ్వ పిలిచి పిలిచి యాష్టపడి మానుకునె. మేము నీ పేరు తీసేయల్యా పాపా. నువ్వే ఆడ పెట్టేసి, దాని పేరు ఎత్తుకుంటివి."

నేను చాలా పుస్తకాలు చదివాను ఆ తర్వాత, కొన్ని రాశాను కూడా. మనిషికి నకలు తీసే కథలు ఎన్నో చూశాను. ఆ మధ్యాహ్నం ఆ గదిలో నాకు కలిగినంత విస్మయం ఇంకెక్కడా కలగలేదు. వాకిట్లో ఒక తల్లి చచ్చిపోయిన బిడ్డను అన్నానికి పిలుస్తుంటే, మాటలే సరిగా రాని పిల్ల, దెబ్బలు తింటూ, ఆ పిలుపు ఊరికే పోనివ్వకుండా పలికింది. ఎవరూ నేర్పలేదు. నేను డాక్టరును, గాజు గోడను, పరీక్షలను కల్పించి చెప్పబోయింది ఏమిటో నాకే తెలియలేదు. మూడేళ్ళ పిల్లకు తెలిసింది. నాకు ఆ పిల్ల ముందు కూర్చోవాలంటే భయం వేసింది, దణ్ణం పెట్టాలనిపించింది, రెండూ చేయలేక తలుపు పట్టుకుని నిలబడ్డాను.

కూతురు అడిగింది. "నేను అక్క మాదిరే ఉండానా?"

"యాడిది" అంది తల్లి, మొదటిసారి కొంచెం నవ్వి. "అది నెమ్మదస్తురాలు. నీ మాదిరి మొండిది కాదు." గొంతు తగ్గించి అంది. "నీ పేరు నాకు మతికుండాది. ఒక్కనాడూ మర్సిపోల్యా. చెప్పమంటావా?"

ఆమె తల్లి మొహంలోకి చూసింది. చెప్పమంటుందనే నేను అనుకున్నాను. అవ్వ కోపంలో ఆ మాట అన్నప్పటి నుంచీ ఆమె వెతుకుతున్నది అదే.

"ఇప్పుడద్దు మా" అంది. "ఇన్నినాళ్ళు అక్కతోనే బడికొచ్చినా. పరీక్ష కూడా అక్కతోనే రాసొస్తా. ఇంటికొచ్చినాక చెప్దువులే."

బల్ల దగ్గరికి వెళ్ళి, టీచరు చేతిలోంచి పెన్ను తీసుకుని, అక్క పేరు ఒక్కొక్క అక్షరం విడివిడిగా రాసి సంతకం చేసింది.